అమలాపురం నుంచి డల్లాస్‌కు ఎన్ని గంటలు?

వేసవిలో అమ్మానాన్నలను రప్పించుకోవాలనుకునే మన కోనసీమ పిల్లలు, ఇక్కడ డల్లాస్‌కు కొత్తగా వచ్చినవారు, తరచూ నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "ఉదయం పదింటికి హైదరాబాదులో ఎక్కితే అదే రోజు రాత్రి పదకొండున్నరకు డల్లాస్‌లో దిగుతారని టిక్కెట్టులో ఉందండీ, అంటే పదమూడున్నర గంటల ప్రయాణమేనా?"

కాదు. టిక్కెట్టు మీద ఏ ఊరి సమయాన్ని ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. వేసవిలో డల్లాస్ మన దేశంకంటే 10 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది కనుక, ఆ తేడా కలుపుకుంటే అసలు ప్రయాణం 24 గంటలు. చలికాలంలో ఈ తేడా 11 గంటల 30 నిమిషాలవుతుంది.

దూరం సంగతికి వస్తే, శంషాబాదు నుంచి డల్లాస్‌కు అతి దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. గ్లోబు మీద దారం పట్టి చూస్తే అది ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. దుబాయి మీదుగా వెళ్తే మొదట దాదాపు 2,550, ఆ తర్వాత దాదాపు 12,900 కిలోమీటర్లు, అంటే వెయ్యి కిలోమీటర్లే అదనం. విమానానికి అది గంటకు కాస్త పైమాట. కాబట్టి దూరం గురించి బెంగ పెట్టుకోకుండా, మధ్యలో దిగినచోట ఎన్ని గంటలు కూర్చోవాలో చూసి టిక్కెట్టు కొనండి. పెద్దవాళ్లకు గంటన్నర వ్యవధి చాలదు, పది గంటలు భరించలేరు. మూడు నాలుగు గంటలు ఉంటే నెమ్మదిగా నడిచి గేటు చేరుకోగలుగుతారు. తిరుగు ప్రయాణంలో పైన పడమటి గాలులు విమానాన్ని వెనుక నుంచి తోస్తాయి కనుక సాధారణంగా గంటకు పైగా కలిసివస్తుంది.

మనవాళ్లు లెక్కలో మరిచిపోయేది ఇంటి గుమ్మం నుంచి శంషాబాదు దాకా ఉన్న దారి. అమలాపురం నుంచి రావులపాలెం, విజయవాడ మీదుగా కారులో ఎనిమిది తొమ్మిది గంటలు, విమానానికి మూడు గంటల ముందు హాజరు, డల్లాస్‌లో ఇమ్మిగ్రేషను, సామాను కలిపి మరో గంటో రెండో గంటలో. మొత్తం 36 గంటలు దాటుతుంది. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి హైదరాబాదుకు విమానం గంట ప్రయాణమే కానీ, ఆ టిక్కెట్టు విడిగా కొన్నప్పుడు అది ఆలస్యమై అమెరికా విమానం తప్పిపోతే రెండో సంస్థకు బాధ్యత ఉండదు. ఒక రోజు ముందే హైదరాబాదు చేర్చి, రాత్రి నిద్రపోనిచ్చి ఎక్కించడమే మేలని నా గట్టి అభిప్రాయం.

మందుల వేళల గురించి డాక్టరుగారిని ముందే అడగండి, మాత్రలు చేతిసంచీలోనే పెట్టించండి. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు, డాక్టరుగారు చెప్పినట్టే, దారి పొడవునా చేతి గడియారాన్ని మన ఊరి టైములోనే ఉంచుకుని షుగరు మాత్రలు వేసుకుంది. మా ఇంటికి వచ్చి, స్నానం చేసి, ఇంత పెరుగన్నం తిన్నాకే దాని ముల్లు తిప్పమని నా చేతికిచ్చింది.