పాఠకుల ప్రశ్నలు: ఓడలు వెళ్లిపోయిన దీవిలో ఇల్లు

ప్రశ్న: మా అమ్మాయి ఉద్యోగం మీద ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లింది. జావా ఐలండ్ అనే చోట ఫ్లాట్ అద్దెకు తీసుకుందట. ఒకప్పుడు అది ఓడలరేవు, చుట్టూ నీళ్లే అంటోంది. 2015 డిసెంబరులో వరద ఇంట్లోకి రావడం చూసినదాన్ని, నాకు టెన్షన్‌గా ఉంది. అక్కడ ఉండొచ్చా?
– ఓ తల్లి, కొట్టూరుపురం, చెన్నై

జవాబు: ఉండొచ్చమ్మా, భయపడకండి. ఆ దీవి చుట్టూ ఉన్న నీటిని ఐ అంటారు. ఒకప్పుడు అది సముద్రపు పాయే, కానీ 1872లో తూర్పు వైపు లాకులు కట్టారు, పడమట సముద్రం వైపు కూడా లాకులున్నాయి, అందుకని ఇప్పుడు అక్కడ ఆటుపోట్లు లేవు, నీటిమట్టాన్ని ఏడాది పొడుగునా దాదాపు ఒకేలా ఉంచుతారు. పైనుంచి చెరువు గేట్లు తెరిస్తే మన అడయారు నది పొంగినట్టు పొంగే ప్రమాదం లేదు. గాలి మాత్రం బాగా కొడుతుంది, మంచి జాకెట్ కొనుక్కోమనండి.

ఆ దీవి కథ కూడా చెప్పాలని ఉంది. పక్కనున్న కేఎన్‌ఎస్‌ఎమ్ దీవితో కలిపి 19వ శతాబ్దం చివర్లో అలలకు అడ్డుకట్టగా పోసిన నేల అది. అక్కడి నుంచే ఇప్పటి ఇండోనేషియాకు ఓడలు వెళ్లేవి. ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక వ్యాపారం తగ్గింది, తర్వాత కంటెయినర్ ఓడలు పెద్దవైపోయి రేవు పడమరకు జరిగింది, గోదాములు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీ షెడ్లలో కళాకారులు, ఇల్లు దొరకని కుర్రాళ్లు చేరి ఏళ్ల తరబడి ఉన్నారు. 1990లలో నగరపాలక సంస్థ ఇళ్లు కట్టించినప్పుడు అన్నీ కూలగొట్టలేదు, కొన్ని పాత షెడ్లను వర్క్‌షాపులుగా నిలిపింది. జావా దీవి ప్లాను గీసిన షుర్డ్ సుటర్స్ దీవికి అడ్డంగా నాలుగు కాలువలు తవ్వించి, వాటి ఒడ్డున సన్నటి ఇళ్లు పెట్టించాడు. పక్కనే బోర్నియో, స్పోరెన్‌బర్గ్ అనే మరో రెండు పాత రేవు చోట్లలో కలిపి సుమారు 2500 ఇళ్లున్నాయి, హెక్టారుకు దాదాపు 100, అయినా చాలావరకు మూడంతస్తులే, చాలా ఇళ్ల తలుపు నేరుగా వీధిలోకి తెరుచుకుంటుంది. ఇరుకులో కూడా ఎవరి గడప వాళ్లకు ఉంచారు, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

ప్రశ్న: మన హార్బర్ పక్కన కూడా అలాంటి దీవులు పోసి ఫ్లాట్లు కడితే నార్త్ చెన్నై బాగుపడుతుంది కదా సార్?
– రాయపురం యువకుడు

జవాబు: పోయొద్దు బాబూ. మన తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. హార్బర్ గోడలు దాన్ని ఆపడం వల్లే మెరీనా అంత వెడల్పయింది, ఆ గోడలవల్లే మీ రాయపురం తీరం కోసుకుపోయి చివరికి రాళ్లు పేర్చాల్సి వచ్చింది. ఇంకో దీవి పోస్తే ఇంకెవరి ఒడ్డో పోతుంది. ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లవి లాకుల వెనక నీళ్లు, మనది తుపాన్లు వచ్చే బహిరంగ సముద్రం. జర్మనీలోని హాంబర్గ్‌లో ఎల్బె నదికి పోటు వస్తుంది, 1962 వరదలో అక్కడ 300 మందికి పైగా పోయారు, అందుకే పాత రేవులో కట్టిన హాఫెన్‌సిటీని సముద్రమట్టానికి ఎనిమిది తొమ్మిది మీటర్ల ఎత్తుకు లేపారు. ఆ ఖర్చు మామూలుది కాదు.

పోర్టు స్థలం ఖాళీ అయితే కడదామంటే అది వేరే మాట. బొగ్గు 2011లో ఎన్నూరుకు తరలింది గానీ కంటెయినర్లు, కార్లు ఇంకా ఇక్కడి నుంచే వెళ్తున్నాయి. ఎప్పుడైనా ఖాళీ అయితే, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి తెచ్చుకోవాల్సింది కాలువల డిజైను మాత్రమే కాదు. అక్కడ నేలలో ఎక్కువ భాగం నగరం చేతిలోనే ఉంటుంది, లీజుకిస్తుంది, తక్కువ అద్దె ఇళ్లను ప్లానులోనే కలిపింది. ఆ షరతు లేకుండా బిల్డర్లకు అమ్మేస్తే, కాశిమేడు పడవలవాళ్లు ఆ కొత్త ఫ్లాట్ల గేట్ల బయటే ఉంటారు. అందుకని అలాంటి ప్లాను ఎప్పుడు వచ్చినా మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న, వలలు ఆరబెట్టే చోటు, చేపల వేలం చోటు, వాళ్ల అద్దె ఇళ్లు ఎక్కడ గీశారని. అవి చూపించాకే సముద్రం కనిపించే బాల్కనీల గురించి మాట్లాడమనండి.