ఫ్లాస్కు గోడకు అంటుకున్న యిట్రియం

రసాయన శాస్త్రంలో పీజీ పూర్తిచేసి రేడియోకెమిస్ట్రీలో పరిశోధనకు చేరుతున్నానని, కేంద్రక నమూనాలు, బంధన శక్తి, విఘటన సమీకరణాలు ఈ మూడింటిలో దేనిమీద ముందుగా పట్టు సాధించాలో చెప్పమని మీరు అడిగారు. మీ జాబితాలో లేని విషయాన్ని నేను ముందు పెడతాను. మీ చేతిలో ఉన్న గాజు పాత్రలో అసలు పదార్థం ఎంత తక్కువగా ఉందో మనసుకు పట్టనంతవరకు, ఆ మూడూ కంఠతా వచ్చినా ప్రయోగశాలలో అక్కరకు రావని నా గట్టి నమ్మకం. ఈ సంగతిని నాకు యిట్రియం అనే లోహం నేర్పింది.

పరిశోధనలో చేరిన మొదటి సంవత్సరం మా గైడు గారు స్ట్రాన్షియం-90 ఉన్న ఒక పాత ద్రావణాన్ని నాకిచ్చి, దాని నుంచి పుట్టే యిట్రియం-90ని వేరుచేసి, అర్ధాయువును (సగం పరమాణువులు విఘటనం చెందడానికి పట్టే కాలాన్ని) కొలిచి చూపించమన్నారు. స్ట్రాన్షియం అర్ధాయువు సుమారు 29 సంవత్సరాలు, యిట్రియానిది 64 గంటలు. కాబట్టి ద్రావణాన్ని మూడు వారాలు కదపకుండా ఉంచితే రెండింటి యాక్టివిటీ, అంటే సెకనుకు జరిగే విఘటనాల సంఖ్య, దాదాపు సమానమవుతుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉన్న ఆ మిశ్రమాన్ని, ఒక ఆర్గానోఫాస్ఫారిక్ ఆమ్లం కలిపిన కర్బన ద్రావణితో కుదిపితే యిట్రియం పై పొరలోకి వెళ్లిపోతుంది, స్ట్రాన్షియం కింది పొరలో ఉండిపోతుంది. పై పొరను గాఢ ఆమ్లంతో కుదిపి యిట్రియాన్ని మళ్లీ నీటి పొరలోకి రప్పించాను. తరువాతి కొలతలకు ఆమ్లం అడ్డు రాకూడదన్న జాగ్రత్తతో రెండుసార్లు ఆవిరిచేసి ఆరబెట్టి, మిగిలినదాన్ని స్వేదనజలంలో కలిపి, 100 మి.లీ. గాజు ఫ్లాస్కులో పోసి మూతపెట్టాను.

రోజూ ఉదయం ఒకే సమయానికి ఆ ఫ్లాస్కు నుంచి 1 మి.లీ. పిపెట్‌తో తీసి, లోహపు పళ్లెంలో ఆరబెట్టి, గైగర్ కౌంటర్ కింద పెట్టి కొలిచేవాడిని. ఐదు రోజుల లెక్కలను సెమీలాగ్ కాగితం (ఒక అక్షం లాగరిథమ్ కొలతలో ఉండే గ్రాఫు కాగితం) మీద గుర్తిస్తే బిందువులన్నీ చక్కని సరళరేఖ మీద పడ్డాయి. ఆ రేఖ నుంచి వచ్చిన అర్ధాయువు మాత్రం 41 గంటలు. రేఖ వంకరగా ఉంటే తప్పు జరిగిందని వెంటనే అనుకునేవాడిని, కానీ అది అంత తిన్నగా ఉండడం వల్ల కౌంటర్ వోల్టేజీని, ఒక కౌంటు తర్వాత కౌంటర్ క్షణకాలం ఏమీ పసిగట్టలేని డెడ్ టైమ్‌ను, పళ్లెం దూరాన్ని ఒకదాని తర్వాత ఒకటి అనుమానించాను. చివరికి వేరే ఏదో స్వల్పాయువు ఐసోటోపు కలిసిందేమోనని కూడా అనుకున్నాను. ఆరో రోజు కాగితం తీసుకెళ్లి చూపించినప్పుడు మా గైడు గారు రేఖ వంక చూడనేలేదు. "ఆ ద్రావణాన్ని వేరే పాత్రలోకి ఒంపేసి, ఫ్లాస్కును రెండుసార్లు నీళ్లతో తొలిచి, ఖాళీ ఫ్లాస్కును మీటర్ దగ్గర పెట్టండి," అన్నారు.

పెట్టాను. మీటర్ ఆగకుండా మోగింది. గాజు పొడిగా, శుభ్రంగా, లోపల ఏమీ లేనట్టు మెరుస్తోంది. యిట్రియం-90 వెదజల్లే బీటా కణాల గరిష్ఠ శక్తి 2.28 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు కాబట్టి అవి పలుచని గాజును దాటి బయటికి రాగలవు. అంటే నేను ఐదు రోజులుగా ద్రావణంలో వెతుకుతున్న యిట్రియంలో పెద్ద భాగం గోడమీద కూర్చుని ఉంది, రోజురోజుకూ మరికొంత అక్కడికి చేరుతోంది. నా రేఖలో విఘటనం, గోడకు అంటుకోవడం రెండూ కలిసిపోయాయి. తరువాత 10 మిల్లీగ్రాముల సాధారణ యిట్రియాన్ని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి ఆ ఫ్లాస్కులో పోసి కాసేపు కుదిపాను. యాక్టివిటీ అంతా ద్రావణంలోకి తిరిగివచ్చింది, గాజు దగ్గర మీటర్ నెమ్మదించింది.

ఆ రాత్రి వేసిన లెక్కను మీరు కూడా ఒకసారి సొంతంగా వేసుకోవాలని నా కోరిక. నా దగ్గర ఉన్నది సెకనుకు 40,000 విఘటనాలు, అంటే 40 కిలోబెకరెళ్లు. దాన్ని విఘటన స్థిరాంకంతో (0.693ను సెకన్లలో ఉన్న అర్ధాయువుతో భాగిస్తే వచ్చేదానితో) భాగిస్తే దాదాపు 1,330 కోట్ల పరమాణువులు వస్తాయి. వినడానికి ఇది పెద్ద సంఖ్యే, కానీ బరువులోకి మారిస్తే గ్రామును లక్ష కోట్ల భాగాలు చేసినప్పుడు అందులో రెండు భాగాలు మాత్రమే. గాజు ఉపరితలం మీద ఇలాంటి అయాన్లు పట్టుకోగల చోట్లు ఒక్క చదరపు సెంటీమీటరుకే కొన్ని కోట్ల కోట్లు ఉంటాయి. ఫ్లాస్కు లోపలి గోడంతా కలిపి చూస్తే నా దగ్గరున్న పరమాణువులకంటే లక్షల రెట్లు ఎక్కువ కూర్చోవడానికి అక్కడ స్థలముంది. ఆమ్లం ఉన్నంతవరకు హైడ్రోజన్ అయాన్లు ఆ చోట్లకోసం పోటీపడతాయి, యిట్రియం అయానుగానే ఉంటుంది. నేను ఎంతో శ్రద్ధగా ఆమ్లాన్ని తరిమేయడంతో ద్రావణం తటస్థ స్థితికి దగ్గరైంది, యిట్రియం జలవిశ్లేషణ చెంది గాజుకు, దుమ్ము కణాలకు అంటుకుంది. ద్రావణీయతా లబ్ధం ప్రకారం ఆ గాఢతలో హైడ్రాక్సైడ్ అవక్షేపం ఏర్పడడానికి అవకాశమే లేదు. పీజీలో మనం నేర్చుకున్న సమతాస్థితి లెక్కలు ఇక్కడ చేతులెత్తేసేది అందుకే. కలిపిన 10 మిల్లీగ్రాములలో నా రేడియోధార్మిక పరమాణువులకంటే సుమారు 500 కోట్ల రెట్లు ఎక్కువ మామూలు యిట్రియం పరమాణువులు ఉన్నాయి. గోడను అవి నింపేస్తాయి, మనవి వాటితో కలిసి గుంపులో ప్రయాణిస్తాయి. క్యారియర్ అన్న మాటకు అర్థం ఇదే.

ఈ విషయాన్ని పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఎక్కడో ఏడో అధ్యాయంలో ఒక పేరాగా పెట్టి, మొదటి అధ్యాయాన్ని కేంద్రకాన్ని ద్రవపు బొట్టుగా ఊహించే ద్రవబిందు నమూనాకు ఇస్తాయి. ఈ క్రమం నాకు బొత్తిగా నచ్చదు. కేంద్రక విచ్ఛిత్తి (భారీ కేంద్రకం రెండుగా చీలడం) బయటపడ్డది క్యారియర్ వల్లనే కదా! 1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఓటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్‌లు న్యూట్రాన్లు తాకిన యురేనియంలో రేడియం పుట్టిందనుకుని, దానికి క్యారియర్‌గా బేరియాన్ని కలిపారు. అసలైన రేడియం అయితే అంశిక స్ఫటికీకరణంలో (కొంతకొంతగా, మళ్లీమళ్లీ స్ఫటికాలు చేయడంలో) బేరియం నుంచి మెల్లగా విడివడాలి. తెలిసిన రేడియం ఐసోటోపులతో ఆ పద్ధతినే పరీక్షిస్తే అవి విడివడ్డాయి కూడా. కొత్త యాక్టివిటీ మాత్రం ఎన్నిసార్లు స్ఫటికీకరించినా బేరియాన్ని వదలలేదు. అది బేరియమే గనుక వదలలేదు. ఆ సంవత్సరం జులైలోనే జర్మనీ విడిచి వెళ్లవలసివచ్చిన లీజా మైట్నర్, ఓటో ఫ్రిష్‌తో కలిసి దానికి భౌతిక శాస్త్ర వివరణ ఇచ్చింది. వివరణ తరువాత వచ్చింది, ముందు వచ్చింది వేరుచేసే పద్ధతి. అంతకు ముందే, సీసం నుంచి రేడియం-డీని విడదీయమని రూథర్‌ఫర్డ్ అప్పగించిన పని ఎంతకూ సాధ్యం కాక, అది సాధ్యం కానిదే అయితే రేడియం-డీతో సీసం జాడ పట్టవచ్చునని హంగేరియన్ రసాయన శాస్త్రవేత్త జార్జ్ హెవెషీ గ్రహించాడు. రేడియం-డీ అంటే సీసం-210. 1913లో పానెత్‌తో కలిసి అతడు మొదలుపెట్టిన ఆ ట్రేసర్ పద్ధతికే 1943 నోబెల్ బహుమతి లభించింది.

అయితే ప్రతిచోటా క్యారియర్ పోసేయమని నేను చెప్పడం లేదు. వైద్యంలో వాడే టెక్నీషియం-99ఎమ్‌ను తీసుకుంటే, దాన్ని జనక ఐసోటోపు నుంచి ఎప్పటికప్పుడు తీసుకోవడానికి సాధారణంగా వాడే జనరేటర్లలో 66 గంటల అర్ధాయువున్న మోలిబ్డినం-99ని అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పట్టి ఉంచుతుంది, దాని నుంచి పుట్టే 6 గంటల టెక్నీషియం ఉప్పునీటితో దిగివస్తుంది. అక్కడ క్యారియర్ చేరితే నష్టమే. జనరేటర్‌ను కొన్ని రోజులు వాడకుండా వదిలేస్తే, విఘటనం చెందిన టెక్నీషియం-99ఎమ్ అంతా దీర్ఘాయువున్న టెక్నీషియం-99గా పేరుకుని, మనం కలపకుండానే క్యారియర్‌గా తయారవుతుంది, కొన్ని ఔషధాలకు టెక్నీషియం-99ఎమ్ జోడించడంలో అడ్డుపడుతుంది. క్యారియర్ కలపకూడని సందర్భాలలో ఆమ్లాన్ని ఉంచడం, ప్లాస్టిక్ పాత్రను ఎంచుకోవడం, సంక్లిష్ట అయానుగా కట్టేయడం వంటి దారులు వెతకాలి. ఏ దారైనా ఎంచుకునేది పరమాణువుల లెక్క వేసిన తరువాతే.

ఇక్కడే నన్ను ఎన్నాళ్లుగానో బాధపెడుతున్న రెండు అలవాట్ల గురించి చెప్పాలి. సీసా మీద "యిట్రియం-90, 5 కిలోబెకరెళ్లు" అని రాసి తేదీ, సమయం వేయకుండా వదిలేసేవారు ప్రతి ప్రయోగశాలలోనూ ఉంటారు. 24 గంటల్లో 23 శాతం తరిగిపోయే వస్తువుకు సమయం లేని సంఖ్య దేనికీ పనికిరాదు. రెండవది, 400 కౌంట్లు తీసి అర్ధాయువును నాలుగు అంకెల వరకు రాయడం. 400కు వర్గమూలం 20, అంటే ఆ ఒక్క కొలతలోనే 5 శాతం అనిశ్చితి ఉంది. 1 శాతం కావాలంటే 10,000 కౌంట్లు వచ్చేదాకా కూర్చోవాలి. కూర్చునే ఓపిక లేనివారు నివేదికలో అంకెలు తగ్గించుకోవాలి.

మీ మూడు అంశాల సంగతి: విఘటన సమీకరణాలలో జనక, జన్య కేంద్రకాల సమతుల్యతను ముందు నేర్చుకోండి, ఎందుకంటే జనరేటర్‌ను ఎప్పుడు పిండాలో, వేరుచేసిన తరువాత ఎంత త్వరగా కొలవాలో అదే చెబుతుంది. బంధన శక్తికి ఒక వారం చాలు. కేంద్రక నమూనాలు రెండో సంవత్సరం దాకా ఆగగలవు.

రెండోసారి ఆ ప్రయోగాన్ని క్యారియర్ కలిపి, ఆమ్లంలోనే ఉంచి చేశాను. రోజుకొక కొత్త నమూనా తీయడం మానేసి, మొదటి రోజు ఆరబెట్టిన ఒకే పళ్లెంను చివరిదాకా కొలిచాను. అర్ధాయువు అనిశ్చితి పరిధిలో 64 గంటలే వచ్చింది. అక్కడితో ఆపకుండా 27 రోజులు, అంటే పది అర్ధాయువులు కొలవమన్నారు మా గైడు గారు. మూడో వారం దాటాక సరళరేఖ చివర మెల్లగా పైకి వంగి, అడ్డంగా సాగింది. యిట్రియంతో పాటు పై పొరలోకి జారిన అతికొద్ది స్ట్రాన్షియం, దాని నుంచి కొత్తగా పుట్టిన యిట్రియం కలిసి ఆ వంపును గీశాయి. పై పొర నుంచి యిట్రియాన్ని నీటిలోకి రప్పించే ముందు, స్ట్రాన్షియం పోవడానికి ఆ పొరను తాజా సజల ఆమ్లంతో నేను ఒక్కసారే కడిగాను. మీ పద్ధతిలోనూ ఒక్కసారే కడగమని రాసి ఉంటే, రెండోసారి కూడా కడగండి.