పల్లె నుంచి వచ్చిన కూలీల బతుకు నగరంలో నిజంగా బాగుపడిందా?

1991 ఆర్థిక సంస్కరణల తర్వాత దేశం ఇంత మారింది కదా, పల్లె నుంచి నగరానికి వచ్చిన కూలీలకు నిజంగా మేలు జరిగిందా అని అడిగారు. మా ఇంటి సంగతి చెప్తాను. డబ్బు విషయంలో మేలు జరిగింది. కానీ మనిషి వచ్చినంత తేలిగ్గా అతని కాగితాలు నగరానికి రాలేదు. మేం నష్టపోయింది అక్కడే.

మాది పాలమూరు జిల్లా. నాన్న 1997లో, కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర 6 వేలు అడ్వాన్సు తీసుకుని హైదరాబాద్ వచ్చాడు. తాత కూడా డ్యాముల పనులకు వలస వెళ్లినవాడే. అయితే తాత వానలు పడేసరికి ఊరికి తిరిగొచ్చేవాడు. నాన్నకు ఇక్కడ పని అయిపోయిందన్న రోజే రాలేదు. 1998లో సైబర్ టవర్స్ మొదలైంది, తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి లేచాయి. ఒకచోట స్లాబ్ ఆరేలోపే ఇంకోచోట పునాది తవ్వేవారు. రెండేళ్లలో అడ్వాన్సు తీరింది. సెంట్రింగ్ నేర్చుకుని నాన్న కూడా మేస్త్రీ అయ్యాడు. ఊళ్లో పటేల్ ఇంటి ముందు చెప్పులు విడిచి నిలబడిన మనిషి, ఇక్కడ ఇంజనీర్ ఎదురుగా కుర్చీలో కూర్చుని లెక్క మాట్లాడాడు. ఆ మార్పును నేనెప్పుడూ తక్కువ చేసి చెప్పను. (అద్దె ఇంటికి వెళ్తే మాత్రం 'మీరేంటోళ్లు?' అనే ప్రశ్న ఇక్కడా తప్పలేదు.)

ఇక కాగితాలు. రేషన్ కార్డు ఊళ్లో, ఓటు ఊళ్లో. సైటు మారినప్పుడల్లా నా బడి మారేది. మూడోసారి టీసీ లేదని చేర్చుకోలేదు, ఆ ఏడాదంతా ఇసుక కుప్పల మీదే గడిచింది. అక్కకు ఈ తిప్పలు వద్దని నాయనమ్మ దగ్గర ఉంచారు. ఏడో తరగతి తర్వాత హైస్కూల్ దూరమని మాన్పించి పెళ్లి చేశారు. నేను డిగ్రీ చదివి ఉద్యోగం చేస్తున్నాను. అక్క ముందు ఈ మాట ఇప్పటికీ ఎత్తలేను.

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లోనే చట్టం వచ్చింది. కట్టడం ఖర్చులో కనీసం 1 శాతం సెస్సు తీసుకుని వాళ్ల సంక్షేమానికి వాడాలి. ఆ సాయం అందడానికి కార్మికుడి కార్డు కావాలంటే అంతకుముందు ఏడాదిలో 90 రోజులు పని చేసి ఉండాలి. నెలకో సైటు తిరిగేవాడికి ఆ రోజులు ఎవరు రాసిస్తారు? కాంట్రాక్టర్ మేస్త్రీని అడగమనేవాడు, మేస్త్రీ తన దగ్గర రాత లేదనేవాడు. పాతికేళ్లు పని చేసినా నాన్నకు ఆ కార్డు రాలేదు.

కొంత మారింది. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణల మధ్య ఏ రాష్ట్రం కార్డుతోనైనా రేషన్ తీసుకునే వీలు మొదలై, తర్వాత దేశమంతా వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, టీసీ ఆలస్యమైందని పిల్లల్ని బడిలో చేర్చుకోకుండా ఆపకూడదంటుంది. ఈ సంగతి తెలియాల్సింది తల్లిదండ్రులకు, వాళ్లకే తెలియదు.

ఇప్పుడు మా వీధిలో కడుతున్న అపార్ట్‌మెంట్‌లో పనివాళ్లంతా ఒడిశా వాళ్లు. నిరుడు వాళ్లలో ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని దగ్గర్లోని సర్కారు బడికి వెళ్లాను. టీసీ అడిగారు. చట్టం సంగతి చెప్పాను, చేర్చుకున్నారు. ఇప్పుడు రెండో తరగతి, తెలుగు గబగబా చదువుతోంది. ఆఖరి స్లాబ్ పడ్డాక ఎక్కడికి వెళ్తారో వాళ్ల నాన్నకే ఇంకా తెలియదు.