స్టీరియో కన్నా ముందు కార్డు బాకీ

ప్రశ్న: మాది ఖమ్మం. 2017 వ్యాగన్ఆర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నెలకోసారి ఇద్దరు పిల్లలతో విజయవాడ అత్తగారింటికి వెళ్తాం. దారిలో వాళ్లు విసిగించకుండా వీడియోలు వచ్చే స్టీరియో పెట్టిద్దామనుకుంటున్నా. మంచి కంపెనీది 32,000, తొమ్మిది నెలల నో కాస్ట్ ఈఎంఐ అన్నారు. పేరు తెలియని ఆండ్రాయిడ్ సెట్ 11,000. ఖర్చులన్నీ పోను నెలకు 4,000 మిగులుతుంది. క్రెడిట్ కార్డు బాకీ 18,000 ఉంది, మినిమం డ్యూ కూడా ఆ 4,000లోంచే కడుతున్నా. ఏది తీసుకోమంటారు?

జవాబు: ఇప్పుడైతే రెండూ వద్దండి. చాలా కార్డుల్లో వడ్డీ నెలకు 3.5 శాతం దగ్గర ఉంటుంది. మీ 18,000 మీద అది 630 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 743. కొత్త ఈఎంఐ 3,556 కడితే మీ చేతిలో మిగిలేది 444. పాత బాకీ వడ్డీకే అది చాలదు.

నో కాస్ట్ అన్న మాట నమ్మి టెన్షన్ లేదనుకోకండి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ ధరలోనే కలిసి ఉంటుంది, లేదా మీకు రావాల్సిన డిస్కౌంట్ అటు పోతుంది. ఆపైన ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ. ఒక్కసారి డబ్బు మొత్తం కడితే ఎంతకిస్తారో అదే షాపులో అడిగి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

నా లెక్క ఇది. ఆ 4,000 మొత్తం నెలనెలా కార్డుకే కట్టండి, కార్డు మీద కొత్తగా ఏమీ కొనకండి. ఆరో నెలలో 300 చిల్లర కట్టడంతో బాకీ తీరిపోతుంది. తొమ్మిదో నెల దాటేసరికి చేతిలో 15,000 పైనే ఉంటుంది. పేరున్న కంపెనీల్లో యూఎస్‌బీ నుంచి వీడియో వచ్చే 7 అంగుళాల సాదా మోడల్ ఆ డబ్బుకు అటూఇటూగా వస్తుంది. 32,000 సెట్ పెట్టినా, బండి అమ్మేరోజు ఆ డబ్బు తిరిగి రాదు.

ఇంకో సంగతి, ఇది డబ్బు కన్నా ముఖ్యం. స్క్రీన్ ఉండేది డ్యాష్‌బోర్డులో. వెనక కూర్చున్న పిల్లలకు సరిగా కనపడదు, బెల్టు తీసేసి రెండు సీట్ల మధ్యకు వంగుతారు. అందరికన్నా బాగా కనపడేది నడిపే మీకే. హ్యాండ్‌బ్రేక్ వేస్తేనే బొమ్మ వచ్చేలా ఈ సెట్లకు ఒక వైరు ఉంటుంది. కొన్నిచోట్ల బిగించేవాళ్లు దాన్ని బండి ఇనుప బాడీకి కలిపేసి, బండి నడుస్తుండగా కూడా వీడియో వచ్చేలా చేస్తారు. అడిగినా ఒప్పుకోకండి, దండం పెట్టి చెబుతున్నా. పిల్లల కోసమే అయితే ముందు సీటు హెడ్‌రెస్ట్‌కు తగిలించే హోల్డర్ కొన్ని వందల్లో వస్తుంది. ఇంట్లో ఉన్న ఫోనే అందులో పెట్టండి.

తర్వాత కొనే రోజున, డబుల్ డిన్ (7 అంగుళాల స్క్రీన్ సెట్ల మామూలు సైజు) సెట్‌కు 180 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. ఎత్తు చోటు కావాలి. సెట్ చుట్టూ వచ్చే ఫ్రేము, కప్లర్ (సెట్‌ను బండి వైర్లకు కలిపే ప్లగ్గు), బిగింపు కూలీ అన్నీ కలిపి ధర ఎంతో ముందే చెప్పించుకోండి. బండి వైర్లు కత్తిరించకుండా కప్లర్‌తోనే కలపమనండి. సెట్ పసుపు వైరుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వస్తుంది, ఎరుపుకు తాళం తిప్పితేనే వస్తుంది. రెండూ కలిపి చుట్టేస్తే సెట్ ఆగకుండా కరెంటు తాగి, పొద్దున బండి స్టార్ట్ కాదు. డబ్బా మీద 50 వాట్లు అని చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి, అది పీక్ లెక్క, అంటే క్షణంపాటు ఇచ్చే గరిష్ఠ పవర్. నిలకడగా ఇచ్చే పవర్, అంటే ఆర్ఎంఎస్, ఎంతో అడగండి, సాధారణంగా ఒక్కో స్పీకరుకు 20 వాట్ల దరిదాపుల్లో ఉంటుంది. పిల్లలు చూసే వీడియోలు మీ పెన్‌డ్రైవ్‌లోనే పట్టుకెళ్లి షాపులో వేయించి చూడండి.

బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి. ఇన్సూరెన్స్ రెన్యువల్‌లో ఎలక్ట్రానిక్ యాక్సెసరీగా రాయిస్తే ప్రీమియం దాని విలువలో 4 శాతం దాకా పెరుగుతుంది, 15,000 సెట్‌కు 600. రాయించకపోతే, బండి పోయినా స్టీరియో డబ్బు క్లెయిమ్‌లో రాదు.