రొట్టెకు రేషన్ ఉన్న రోజుల్లో హిమోగ్లోబిన్‌కు గ్రాంటు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్‌లో రొట్టె కూడా రేషన్‌లోనే ఇచ్చారట. అట్లాంటి కరువులో, వెంటనే జబ్బు తగ్గించని, పంట పెంచని జీవశాస్త్ర పరిశోధనకు డబ్బులెట్లా ఇచ్చారు? మేం శెనక్కాయ వేరు బుడిపెల (నత్రజని అందించే బ్యాక్టీరియా ఉండే చిన్న గడ్డల) మీద మూడేళ్ల ప్రాజెక్టు రాస్తున్నాం. వాళ్ల నుంచి నేర్చుకునేది ఉందా?
– బయోకెమిస్ట్రీ లెక్చరర్, అనంతపురం

జవాబు: చాలా ఉంది. రొట్టెకు రేషన్ 1946 జులై నుంచి 1948 జులై దాకా నడిచింది. ఆ నడుమే, 1947లో, వైద్య పరిశోధనకు డబ్బిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ప్రొటీన్ల నిర్మాణం తేల్చడానికి ఒక యూనిట్ పెట్టింది. మొదట ఇద్దరే: మాక్స్ పెరుట్జ్, జాన్ కెండ్రూ. కొత్త బిల్డింగు కట్టలేదు. కేంబ్రిడ్జిలోని కావెండిష్ ఫిజిక్స్ ల్యాబ్‌లో దాని అధిపతి లారెన్స్ బ్రాగ్ జాగా ఇచ్చాడు, కౌన్సిల్ డబ్బిచ్చింది. యుద్ధంలో నౌకాదళం మైన్ల మీద పనిచేసిన ఫ్రాన్సిస్ క్రిక్ 1949లో వచ్చి చేరాడు.

పెరుట్జ్ గుర్రపు హిమోగ్లోబిన్ (రక్తానికి ఎరుపునిచ్చే ప్రొటీన్) స్ఫటికాలు పట్టింది 1937లో. వాటి గుండా ఎక్స్‌రేలు పంపి తీసిన ఫొటోలో మచ్చ ఎంత ముదురో కొలవొచ్చు గానీ, తరంగాల ఫేజ్ (ఒకదానితో ఒకటి ఎంత ముందువెనకలుగా ఉన్నాయన్నది) తెలియనిదే నిర్మాణం తేలదు. 1953లో అణువులకు పాదరసం తగిలించి, మచ్చల్లో వచ్చిన మార్పుతో ఫేజ్ పట్టాడు. నిర్మాణం తేలేసరికి 1959. యూనిట్ పెట్టాక పన్నెండేళ్లన్నమాట! మూడేళ్లకే ‘ఏం కనిపెట్టావ్?’ అని నిలదీసి ఉంటే 1950లోనే ఆ గదికి తాళం పడేది. ఆ ప్లానింగులో మాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఈ ఓపికే.

మీ బుడిపెకూ దీనికీ చుట్టరికం ఉంది. బ్లేడుతో చీల్చి చూడండి, పనిచేసే బుడిపె లోపల గులాబీ ఎరుపు. అది హిమోగ్లోబినేనని 1939లో జపాన్ శాస్త్రవేత్త కుబో చెప్పాడు, 1945లో కేంబ్రిడ్జిలో డేవిడ్ కీలిన్ నిర్ధారించాడు. పెరుట్జ్ పని కోసం కౌన్సిల్‌ను అడగమని సలహా ఇచ్చిందీ కీలినే.

ఇక మీ ప్రాజెక్టు. ముందు ఖరీఫ్‌లు లెక్కపెట్టండి. మూడేళ్లంటే మూడే. గ్రాంటు సెప్టెంబరులో చేతికొస్తే రెండే. అందుకే మొదటి ఏడాది పని ఎర్రమట్టి కుండీల్లో జరిగేలా రాయండి. బ్యాక్టీరియా తీసేటప్పుడు బుడిపెను ఆల్కహాల్‌లో పది సెకన్లు, 3 శాతం హైపోక్లోరైట్‌లో మూడు నిమిషాలు ముంచి, స్టెరైల్ నీళ్లతో అయిదారుసార్లు కడగాలి. శెనక్కాయ బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా బ్రాడీరైజోబియం నిదానంగా పెరుగుతుంది, కాలనీ కనిపించడానికి అయిదు నుంచి ఏడు రోజులు. రెండో రోజుకే ప్లేటు నిండితే అది కలుషితమే అనుకోండి. ఈ ఆలస్యాన్ని టైమ్‌టేబుల్లో చూపించండి.

మైనస్ 80 ఫ్రీజర్ అడిగేముందు ఏసీ గది, జనరేటర్ డీజిల్, వారంటీ తర్వాతి ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) బడ్జెట్‌లో ఏ హెడ్ కిందికి వస్తాయో కాలేజీతో రాయించుకోండి. గోడకు ఆనించి పెడితే మన ఏప్రిల్ ఎండలకు కంప్రెసర్ వేడిని బయటికి నెట్టలేక ఆగిపోతుంది. కల్చర్లను 20 శాతం గ్లిజరాల్‌లో రెండు సెట్లు చేసి, రెండు వేర్వేరు బిల్డింగుల్లో ఉంచండి.

మార్చి 31కి లెక్కలు ముగించి యూసీ (డబ్బు ఖర్చు చేసినట్టు ధ్రువపత్రం) పంపకపోతే రెండో ఏడాది డబ్బు కదలదు. మొదట ఆగేది పరిశోధక విద్యార్థి ఫెలోషిప్పే. ఆ నెలల్లో కాలేజీ సర్దుబాటు చేస్తుందని ముందే లిఖితపూర్వకంగా ఒప్పించండి.

ప్రశ్న: అమెరికాలోనూ ఇంత సులువుగా జరిగిందా?
– డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: లేదమ్మా. పరిశోధనకు ప్రభుత్వమే డబ్బివ్వాలన్న వనెవర్ బుష్ (యుద్ధకాలంలో అమెరికా పరిశోధనలను నడిపినాయన) నివేదిక 1945 జులైలో వచ్చింది. పరిశోధనకు గ్రాంట్లిచ్చే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ చట్టమైంది 1950 మేలో. సంస్థ అధిపతిని ఎవరు నియమించాలన్న దగ్గరే పేచీ. ఆ అధికారం శాస్త్రవేత్తల బోర్డుకు ఇచ్చిన బిల్లును అధ్యక్షుడు ట్రూమన్ 1947లో వీటో చేశాడు. చివరికి డైరెక్టర్‌ను అధ్యక్షుడే నియమించేలా రాజీ కుదిరింది.