మార్ఫిన్ చీటీ వెనుక ఉన్న చట్టం

ప్రశ్న: మా నాన్నగారికి ఎముకలకు పాకిన కేన్సర్. నొప్పికి హైదరాబాద్ డాక్టరుగారు మార్ఫిన్ మాత్రలు రాశారు. అవి అయిపోవస్తున్నాయి, మా ఊరి మందుల షాపుల్లో దొరకడం లేదు. వీడియో కాల్‌లో మళ్ళీ రాసివ్వమంటే డాక్టరుగారు కుదరదన్నారు. అసలు అవి ఇంట్లో ఉంటేనే పోలీసు కేసు అవుతుందని బంధువులు భయపెడుతున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: ముందుగా ఆ భయం వదిలిపెట్టండి. మార్ఫిన్‌ను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మాదకద్రవ్యాలు, మనసుపై ప్రభావం చూపే పదార్థాల నియంత్రణ చట్టం) లోని 8వ సెక్షనే, వైద్య, శాస్త్రీయ అవసరాలకు నిబంధనల మేరకు జరిగే వాడకాన్ని నిషేధం నుంచి మినహాయించింది. రిజిస్టర్డ్ డాక్టరు రాసిన చీటీ ప్రకారం ఇచ్చిన మాత్రలను రోగి కోసం ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. ఆ చీటీ మీద నాన్నగారి పేరు, చిరునామా, మోతాదు, మొత్తం ఎన్ని మాత్రలన్నది, తేదీ, డాక్టరు సంతకం ఉన్నాయో లేదో చూసుకుని, బిల్లుతో పాటు భద్రపరచండి.

డాక్టరుగారు వీడియోలో రాయనన్నది మొండితనం కాదు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఎన్‌డీపీఎస్ పరిధిలోని మందులను ఫోన్లో, వీడియోలో రాయరాదని స్పష్టంగా చెబుతున్నాయి. చాలామంది మామూలు నొప్పి మాత్ర అనుకునే ట్రమడాల్ కూడా 2018 నుంచి ఆ చట్టం కిందికే వచ్చింది కనుక దానికీ ఇదే నియమం.

ఇక షాపులో దొరకకపోవడం. ఒకప్పుడు ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నియమం కావడంతో, మార్ఫిన్ నిల్వ ఉంచాలంటే ఆసుపత్రి ఒకటికి నాలుగు లైసెన్సుల కోసం వేర్వేరు శాఖల చుట్టూ తిరగవలసి వచ్చేది. ఒకదాని గడువు తీరేసరికి మరొకటి చేతికందని పరిస్థితిలో చాలా ఆసుపత్రులు ఆ మందునే మానుకున్నాయి. ఎన్‌డీపీఎస్ చట్టానికి వచ్చిన 2014 సవరణ, 2015 నిబంధనలు దీన్ని మార్చాయి. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్ సహా ఆరింటిని ఆవశ్యక మాదక ఔషధాలుగా ప్రకటించి, దేశమంతటికీ ఒకే పద్ధతి పెట్టారు. నొప్పి నివారణలో గాని పాలియేటివ్ కేర్‌లో (తీవ్రమైన జబ్బుల్లో రోగి బాధను తగ్గించే వైద్యంలో) గాని శిక్షణ పొందిన డాక్టరు ఉన్న ఆసుపత్రి, రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి నుంచి గుర్తింపు పొంది, వచ్చిన మందుకూ ఇచ్చిన మందుకూ లెక్క రాస్తే చాలు. చట్టం ఇంత సడలినా లెక్కల తలనొప్పికి జంకే ఆసుపత్రులు ఇంకా ఉన్నాయి. ఆ జంకుకు మూల్యం చెల్లిస్తున్నది మీ నాన్నగారి వంటి రోగులే.

కాబట్టి షాపుల వెంట తిరగకండి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. తెలంగాణ జిల్లాల్లోనూ ప్రభుత్వ పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి. మీకు దగ్గరలో ఏ కేంద్రంలో మార్ఫిన్ ఇస్తున్నారో డాక్టరుగారినే అడిగి, చికిత్స వివరాలతో అక్కడికి ఒక లేఖ రాయించుకోండి. మాత్రలు పూర్తిగా అయిపోయేదాకా ఆగవద్దు, ఎందుకంటే రోజూ వాడుతున్న మార్ఫిన్ ఒక్కసారిగా ఆగితే నొప్పితో పాటు ఇతర బాధలూ మొదలవుతాయి. మోతాదు మారి మాత్రలు మిగిలితే వాటిని ఏం చేయాలో ఇచ్చిన ఆసుపత్రినే అడగండి. పక్కింటివారి నొప్పి చూసి జాలిపడి ఇచ్చినా అది చట్టరీత్యా నేరమే అవుతుంది.