బండి మీద కళ్ళజోడు ఎందుకంటే

పాపా,

"పవర్ మైనస్ ఒకటే కదా మామయ్యా, కంటి పరీక్ష చార్టు బాగానే చదువుతున్నా, స్కూటీ మీద కళ్ళజోడు ఎందుకు?" అన్నావు. ఫోన్లో చెప్తే సగం వినవు, అందుకే రాస్తున్నా.

చార్టు చదవడం వేరు, రోడ్డు చూడడం వేరు. మా షాపులో చార్టు ఆరు మీటర్ల దూరంలో ఉంటుంది. కుర్చీలో కూర్చుని ఒక్కో అక్షరాన్నీ ఎంతసేపైనా చూడొచ్చు. కళ్ళు చికిలించి, తల కాస్త వంచి ఇంకో వరస కూడా లాగేస్తారు. చికిలిస్తే రెప్పల సందు సన్నబడి మసక తగ్గుతుందంతే, చూపు బాగైనట్టు కాదు. మన తిరుపతి లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్‌లో నీకంత టైమ్ ఎవరిస్తారు? చూపు ఒక చోట నిలిచేది మామూలుగా సెకనులో నాలుగో వంతు. ఆలోపే అదేమిటో మెదడు తేల్చుకోవాలి.

నీ కనుగుడ్డు కాస్త పొడుగు. దూరం నుంచి వచ్చే వెలుతురు రెటీనా మీద, అంటే కంటి లోపల వెనక ఉండే పొర మీద కాకుండా దాని ముందే కలుస్తుంది. మైనస్ ఒకటంటే మీటరు దాటిన ప్రతిదీ ఎంతో కొంత మసకే. మెదడు మొదట పెద్ద ఆకారాన్ని పట్టుకుంటుంది, అంచులూ అక్షరాలూ ముఖాలూ ఆ తర్వాత. మసక పోగొట్టేది సరిగ్గా ఆ సన్న వివరాలనే. అందుకే రోడ్డు మీద ఏదో ఉందని వెంటనే తెలుస్తుంది గానీ, అది గోనెసంచో పడుకున్న నల్లకుక్కో తేలడానికి ఇంకాస్త సమయం కావాలి. గంటకు 40 కిలోమీటర్ల స్పీడులో సెకనుకు 11 మీటర్లు పోతావు. అర సెకను ఆలస్యమైతే ఐదు మీటర్ల పైనే.

"రోజూ పోయే దారే, అన్నీ కనిపిస్తాయి" అంటావేమో. నాకు భయం అక్కడే. తెలిసిన దారిలో కంటికి అందని వివరాన్ని మెదడు ఊహతో పూరించేస్తుంది. తిరుమల బస్సును బోర్డు చదివి కాదు, రంగు చూసి పోల్చుకుంటావు. నిన్న లేని గుంత ఈ రోజు ఉంటే ఆ ఊహ పనికిరాదు.

నా మాట నమ్మొద్దు, నువ్వే చూసుకో. ఆదివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నాన్న వెనక కూర్చుని కరకంబాడి రోడ్డులో పో. షాపు బోర్డుల మీద ఒక్కసారి చూపు వేసి తిప్పేసుకో, ఏం చదివావో పైకి చెప్పు. పోయేటప్పుడు కళ్ళజోడు లేకుండా, తిరిగొచ్చేటప్పుడు పెట్టుకుని. సాయంత్రమే ఎందుకంటే, వెలుతురు తగ్గితే కంటిపాప పెద్దదవుతుంది, దాంతోపాటు మసకా పెరుగుతుంది. పగలు సరిపోయిన చూపు ఆ వేళకు సరిపోదు.

ఇది మెదడు లోపమేమో అని టెన్షన్ పడకు. నీ పాటి పవర్‌కి సరైన అద్దం పెడితే చాలు, అందరిలాగే చూస్తావు. కళ్ళజోడు అలవాటైతే పవర్ పెరుగుతుందని మీ అవ్వ అంటుంది చూడు, అది నిజం కాదు. పెద్దామె కాబట్టి ఎదురు చెప్పకు, పెట్టుకుని పో. ఏడాదికోసారి పవర్ చూపించుకో. గీతలు పడ్డ అద్దాలతో రాత్రి బండి నడపొద్దు, ఎదురుగా వచ్చే లైటు అద్దమంతా పరుచుకుంటుంది.

ఇంకొకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. కంట్లో ఉన్నట్టుండి మెరుపులు మెరిసినా, నల్లచుక్కలు గుంపుగా తేలినా, పక్క నుంచి తెర కమ్మినట్టున్నా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి పో, తెల్లారేదాకా ఆగకు. కనుగుడ్డు సాగిన వాళ్ళకి రెటీనా చిరిగే అవకాశం ఎక్కువ, పవర్ పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. లేజర్ చేయించుకుంటే కళ్ళజోడు పోతుందేమో గానీ కనుగుడ్డు పొడుగు తగ్గదు, ఈ జాగ్రత్త అప్పుడూ తప్పదు.

హెల్మెట్ పెడితే కళ్ళజోడు కాడలు చెవుల పైన నొక్కుతున్నాయని మీ అమ్మ చెప్పింది. శనివారం హెల్మెట్ కూడా తీసుకుని షాపుకి రా, సన్న కాడల ఫ్రేమ్ చూసి పెడతాను.

నీ మామయ్య